నీళ్లు పోయని బొగ్గు

సికింద్రాబాదు వెళ్లొచ్చానంటే మా వాడలో అందరూ అడిగింది ఒకటే: చార్మినార్ చూశావా, నీళ్ల మధ్య నిలబడ్డ బుద్ధుణ్ణి చూశావా అని. రెండూ చూడలేదు. నేను చూసింది ఒక రేకుల షెడ్డు, అందులో రూపాయి బిళ్లంత ఇనప బిళ్ల. దాని సంగతి నోటితో చెప్పబోతే ఎవరూ చివరిదాకా కూర్చోవడం లేదు. సగంలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచిపోతున్నారు. అందుకని రాస్తున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. చుట్టుతిప్పి రాయడం నాకు చేతకాదు.

మాది కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరు. కొబ్బరి చిప్పలు కాల్చి బొగ్గు చేయడం మా బతుకు. మెరక మీద గొయ్యి తవ్వి, లోపల బంకమన్ను మెత్తి, చిప్పలు పేర్చి అంటిస్తాం. తెల్ల పొగ పోయి నీలం పొగ రాగానే రేకు కప్పి, అంచుల వెంట మన్ను మెత్తేస్తాం. మూడో రోజు తెరిచి, లోపల ఇంకా ఎర్రగా ఉంటే నీళ్లు చల్లి ఆర్పి బస్తాలకెత్తుతాం.

కిందటేడు ఎస్తేరు అనే అమ్మాయి మా ఊరొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. సికింద్రాబాదులో బ్యాటరీల మీద పరిశోధన చేస్తుందట. ఊరూరా తిరిగి తలో బస్తా బొగ్గు కొంటోంది. నాకు అర్థమయ్యేలా చెప్పింది: సెల్‌ఫోన్ల బ్యాటరీల్లో వాడే సరుకు మనకు బయటి దేశాల నుంచి రావాలి. ఉప్పులో ఉండే సోడియం అనే లోహంతో బ్యాటరీ చేస్తే ఆ బాధ లేదు. కరెంటు ఎక్కించినప్పుడు ఆ సోడియం వెళ్లి ఒక పక్క కూర్చోవాలి, వాడుకునేటప్పుడు లేచి రావాలి. అది కూర్చునే పక్కను ఆనోడు అంటారు. మామూలు బ్యాటరీల్లో ఆ పక్కన పెట్టేదాంట్లో సోడియం ఇమడదు, బొగ్గులో అయితే ఇముడుతుంది. కానీ ఏ బొగ్గులో బాగా ఇముడుతుందన్నది ఇంకా ఎవరికీ తేలలేదు.

నేనూ ఒక బస్తా ఇచ్చాను. ఆమె ఇచ్చిన కాగితం నా చేత్తోనే నింపాను. చిప్పలు ఎక్కడివి, ఎంతసేపు కాల్చారు, అన్నీ రాశాను. "చల్లార్చిన విధం" అన్న గడిలో "ఎప్పటిలాగే" అని రాశాను. అది అబద్ధం. అక్షరాలు వచ్చాక నేను రాసిన మొదటి అబద్ధం అదే.

ఆ బస్తా బొగ్గు అన్నిటికంటే బాగా పనిచేసిందట. నా దగ్గరే ఇంకో రెండు బస్తాలు తీసుకెళ్లింది. అవి పనికి రాలేదు. ఫోను మీద ఫోను. చివరికి, "నువ్వే వచ్చి చూడు అమ్మమ్మా. వచ్చే నెలాఖరుకు పైవాళ్లొస్తరు. ఆ మొదటి బొగ్గు మళ్లీ చేసి చూపించకపోతే నా పని మూసేస్తరు" అని ఏడ్చినంత పని చేసింది. గొయ్యి మూతకు మెత్తే మన్ను, నాలుగు చిప్పలు తెమ్మంది. బయల్దేరాను.

కండువా సీటు

పగటి బండి. కిటకిటలాడుతోంది. మన్నూ చిప్పలూ మా ఆయన కండువాలో మూటగట్టి నా పక్కన సీటు మీద పెట్టుకున్నాను. రాష్ట్రం ఒకటిగా ఉండాలా, రెండు కావాలా అని బోగీ అంతా వాదించుకుంటోంది. ఒకాయన నా వైపు తిరిగి, "మీరేమంటారు మామ్మగారూ?" అన్నాడు. "ముందు ఆ కాలు నా చెప్పు మీంచి తియ్యి" అన్నాను. నవ్వారు. గొడవ కాసేపు సద్దుమణిగింది.

టీ ఎనిమిది రూపాయలు. గుక్కెడు కూడా లేదు. కప్పు చూస్తే మా ఊళ్లో మందు తాగించే ఉగ్గుగిన్నెలా ఉంది.

ఖాజీపేట దాటేదాకా నేను గమనించని సంగతి ఒకటుంది. జనం తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు నిలబడ్డారు, పిల్లల తల్లులు కింద కూలబడ్డారు, నా పక్క చోటు మాత్రం ఖాళీగానే ఉంది. ఎదురుగా కూర్చున్న ఆవిణ్ణి అడిగాను, ఇక్కడెవరూ కూర్చోరేంటమ్మా అని.

"మీ ఆయన చోటు కదండీ. కండువా వేసి పెట్టారుగా. డబ్బాలో ఎక్కడో నిలబడి ఉంటారనుకున్నాం."

కండువా వేస్తే ఆ చోటు ఆ మనిషిదే. బస్సులోనైనా రైల్లోనైనా మనకి అలవాటే. అంతకుమించి ఏమీ లేదు. కానీ తెల్లారినప్పట్నుంచీ ఒక బోగీడు జనం కలిసి ఆయన చోటు కాపాడుకుంటూ వచ్చారు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. మూట తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అయినా సికింద్రాబాదు దాకా ఎవరూ కూర్చోలేదు.

చిలకలగూడ

స్టేషనుకి దగ్గరే ఎస్తేరు వాళ్లిల్లు. తల్లీ కూతుళ్లిద్దరే. తల్లి బడిలో చెప్పి రిటైరైన మనిషి, ఇంటి చుట్టుపక్కల అంతా ఆమెను టీచరమ్మ అంటారు. గుమ్మంలోనే నా చేతిలో సంచి లాక్కుని, "ఏం వదినా, గింత బరువు! బిడ్డ రాళ్లు తెమ్మన్నదా?" అంది.

"మన్ను తెమ్మంది."

"ఇంకేం! ఇన్నాళ్లు బొగ్గే అనుకున్న, ఇప్పుడు మన్ను సుత షురూ అయింది."

వాళ్లు క్రైస్తవులు. కంచంలో అన్నం పెట్టాక ప్రార్థన చేస్తారు. నేను అప్పటికే ముద్ద నోట్లో పెట్టేశాను. మింగాలో ఉమ్మాలో తెలీక బుగ్గలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. టీచరమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. ప్రార్థన మామూలుకంటే తొందరగా అయిపోయిందని ఎస్తేరు తర్వాత చెప్పింది. పచ్చిపులుసు పెట్టారు. చింతపండు పిసికి, ఉల్లిపాయలు వేసి, పొయ్యి మీద పెట్టకుండా చేసే చారు. మొదట ఇదేం చారు అనుకున్నాను. మూడోసారి నేనే వడ్డించుకున్నాను.

గోడ మీద ఒక పెద్దమనిషి ఫోటో, దానికి కాగితం పూల దండ. ఎస్తేరు తండ్రి. ఎప్పుడు పోయారని అడిగాను.

"సంవత్సరం కావస్తున్నది. పాతిపెట్టి ఇంటికొచ్చి, వచ్చినోళ్లందరికీ నేనే చాయ్ పెట్టిన" అంది టీచరమ్మ.

"ఆ రోజే పొయ్యి వెలిగించారా?"

"వెలిగించకపోతే ఎట్ల? చుట్టాలు ఉపాసముంటరా?"

మా వైపు చావింట్లో అలా కాదు. చేతులు కడుక్కోవడానికి వెనక గుమ్మంలోకి వెళ్లాను. అక్కడ షాబాదు బండ మీద గుండ్రంగా నల్లటి మచ్చ, బస్తా నిలబెట్టినంత మేర.

"నీ బొగ్గే వదినా" అంది టీచరమ్మ వెనక నుంచి. "ఆ వారమంతా బంద్. బిడ్డ పనిచేసే షెడ్డు తెరవలే. నీ బస్తా ఈడనే ఉండె. ఎన్ని మాట్ల తోమినా పోతలేదు."

"ఏ బస్తా?"

"ఫస్ట్ బస్తా. అదొచ్చిన మూడో వారానికే ఈయన పోయిండు. అందుకే యాదున్నది."

నా చేతుల మీద నీళ్లు ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

కార్ఖానా, రేకుల షెడ్డు

మర్నాడు ఎస్తేరు నన్ను కార్ఖానా అనే పేటలో తను పనిచేసే షెడ్డుకి తీసుకెళ్లింది. గేటు దగ్గర కాపలా ఆయన సైన్యంలో చేసి వచ్చినవాడు, సైనిక్‌పురి నుంచి రోజూ సైకిలు మీద వస్తాడట. మీసం చూస్తే ఇంకా యుద్ధంలోనే ఉన్నట్టున్నాడు.

"మూటల ఏముంది?"

"మన్ను."

"మన్ను లోపలికి ఎందుకు? లోపల మన్ను పడకుండా చూసుడే నా డ్యూటీ."

ఎస్తేరు నచ్చజెప్పింది. సంతకం చేసి లోపలికెళ్లాను. చెప్పులు విడిచి, కాళ్లకు నీలం సంచులు తొడుక్కోమన్నారు. పారాణి పెట్టుకున్న పెళ్లికూతురిలా జాగ్రత్తగా నడిచాను. అయినా జారాను.

లోపల చూసినవి చెబుతాను. బొగ్గు కాల్చే కొలిమి ఉంది. దానికి పొగ లేదు, మంట లేదు, వాసన లేదు. మన గొయ్యికి నాలుగింతలు వేడట. పక్కన నిలబడితే చల్లగా ఉంది. నలభై ఏళ్లు పొగను చూసి బొగ్గు తీరు చెప్పినదాన్ని, అక్కడ గుడ్డిదాన్నయిపోయాను.

ఇంకోచోట పెద్ద గాజుపెట్టె. సోడియానికి గాలి తగలకూడదు, నీళ్లు అసలు తగలకూడదు. అందుకని ఆ పెట్టెలో వేరే గాలి నింపి, చేతులు పెట్టడానికి పొడుగాటి నల్లటి రబ్బరు తొడుగులు బిగించారు. లోపలి గాలి తోస్తుంటే ఆ రెండు తొడుగులూ ఉబ్బి బయటికి చాచుకుని ఉన్నాయి. మనిషి లేడు. మోచేతులు, అరచేతులు, వేళ్లు ఉన్నాయి. నా వైపు చాచి, కొంచెం ఊగుతున్నాయి.

"పిలుస్తున్నట్టు ఉన్నాయే" అన్నాను.

"అలవాటయితది అమ్మమ్మా. నేను రోజూ షేక్‌హ్యాండ్ ఇస్తా" అంది ఎస్తేరు. తొడుగుల్లో చేతులు పెట్టి, బియ్యపు గింజంత సోడియం కోసి, చిన్న గిన్నెలో బయటికి తెచ్చి నీళ్లలో వేసింది. బుస్సుమని నీళ్ల మీద పరిగెత్తి భగ్గున మండింది. నీళ్లు పోస్తే మండే నిప్పు. నా జన్మలో చూడలేదు.

తర్వాత అసలు చోటికి తీసుకెళ్లింది. తేనెపట్టులా గూళ్లున్న బీరువా. ఒక్కో గూట్లో ఒక్కో బిళ్ల, బ్యాటరీ అంటే అదే. ఒక్కో బిళ్లలో చిటికెడు బొగ్గుపొడి, చిటికెడు సోడియం. పక్కన తెర మీద గీతలు లేస్తూ దిగుతూ ఉన్నాయి.

"లేస్తే ఎక్కుతున్నట్టు, దిగితే వదులుతున్నట్టు. చూడు, ఇవన్నీ నీ రెండో బస్తా, మూడో బస్తా. మొదటిసారే సగం సోడియం మింగేసినయ్. మింగింది మళ్లీ ఇస్తలేవు. నెలకే చచ్చినయ్. ఇది మాత్రం ఫస్ట్ బస్తాది. తొమ్మిది నెలల సంది ఆగలేదు."

ఆ గీత చూశాను. మెల్లగా లేచి, కాస్త ఆగి, మెల్లగా దిగుతోంది. నిద్రపోయే మనిషి పొట్టలాగా. ఎంతసేపు చూశానో తెలీదు. ఇంతలో గూట్లోంచి చప్పుడు వచ్చింది.

టక్, టక్. కాసేపాగి, టక్.

ఒకడుగు వెనక్కి వేశాను.

"స్విచ్ అమ్మమ్మా. ఎక్కించుడు ఆపి వదులుడు షురూ చేసేటప్పుడు కొట్టుకుంటది. ఆ ఒక్క గూడుదే పాతబడ్డది, మిగతావాటికి చప్పుడు రాదు" అంది ఎస్తేరు.

మా ఆయన గొయ్యి మూతకు మన్ను మెత్తాక వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి వినేవాడు. రెండుసార్లు వెంటవెంటనే, కాసేపాగి ఇంకోసారి. ఆ బస్తా తాలూకు గొయ్యి దగ్గర కూడా అలాగే తట్టాడు. విన్నాడు. చెవి మూతకు ఆనించినవాడు మళ్లీ లేవలేదు. మిట్టమధ్యాహ్నం, ఎండలో.

"ఏం చేసినవ్ అమ్మమ్మా ఆ బస్తాకి? అదే చెట్టు, అదే గొయ్యి, అదే నువ్వు. జెర గుర్తు తెచ్చుకో" అంది ఎస్తేరు.

"గుర్తులేదు" అన్నాను. రెండో అబద్ధం. ఈసారి నోటితో.

మోండా మార్కెట్

మూడో రోజు టీచరమ్మ మార్కెట్టుకి తీసుకెళ్లింది. మాకు నాలుగైదు రూపాయలకు దొరికే కాయ అక్కడ పద్దెనిమిది. పోనీ అనుకుంటే, చిప్పలన్నీ చెత్తలో పారేశారు. కొండలా పోగుపడి ఉన్నాయి. ఆగి రెండు ఏరాను. కాయలమ్మే ఆవిడ, "ఏం చేసుకుంటవ్ అవ్వా?" అంది. కాల్చి బ్యాటరీ చేస్తారన్నాను. పక్క కొట్టువాడి వైపు చూసి కణతకు వేలు ఆనించుకుంది. టీచరమ్మ పగలబడి నవ్వింది.

చాయ్ తాగుతూ కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది. "బిడ్డ పరేషాన్ అయితున్నది వదినా. డాడీ పోయిన నాలుగో రోజే షెడ్డుకు పోయింది. ఆ బిళ్ల కాడ కూసుంటది, ఆదివారం సుత. అది ఆగిపోతే నా బిడ్డ ఏమైతదో అని నాకు భయం."

నేను చాయ్ సగంలో పెట్టేశాను.

వంటింట్లో

నాలుగో రోజు పొద్దున, రొట్టెలు చేస్తున్న టీచరమ్మ ముందు, బూట్లు తొడుక్కుంటున్న ఎస్తేరు ముందు చెప్పేశాను. ఉన్నదున్నట్టు.

మా వాడలో ఆచారం: చావింట్లో నిప్పు మీద నీళ్లు పోయకూడదు. దానంతటది చల్లారాలి. మా ఆయన గొయ్యి మూసి అక్కడే పోయాడు. పెద్దకర్మ అయ్యేదాకా దాన్నెవరూ ముట్టుకోలేదు. పదకొండో రోజు తెరిచాం. లోపల ఒక్క నిప్పుకణిక లేదు, ఒక్క చుక్క నీళ్లు పడలేదు. ఆ బొగ్గు ఇస్త్రీ అతను తీసుకోలేదు, టీ కొట్టువాడు తీసుకోలేదు. చావుమైల బొగ్గు ఎవరు తీసుకుంటారు? అదే వారం ఎస్తేరు వచ్చింది. ఊరు తెలీని పిల్ల. ఇచ్చేశాను.

"మైల బస్తా నీ గుమ్మంలోకి పంపింది నేనే టీచరమ్మా. మూడో వారానికి మీ ఆయన…"

పెనం మీద రొట్టె మాడుతోంది. ముందు లేచింది ఎస్తేరు. "నీళ్లు! నీళ్లే మమ్మీ! ఎర్రటి బొగ్గు మీద నీళ్లు పోస్తే ఆవిరి లోపలికి పోయి పెద్ద పెద్ద రంధ్రాలు తెరుస్తది. వాటి నిండా సోడియం ఇరుక్కొని చస్తున్నది. గాలి సుత తగలొద్దు. పదకొండు రోజులు… అందుకే అది అంత గట్టిగ మూసుకున్నది!" ఒక కాలికే బూటుతో వంటిల్లంతా తిరుగుతోంది. నవ్వుతోంది, కళ్లలో నీళ్లు.

టీచరమ్మ మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. "మా ఆయన షుగర్‌తోని పోయిండు వదినా. పదేండ్ల సంది చెప్పిన, జిలేబీ తినకు అని. నీ బొగ్గు ఏం చేస్తది?"

"అంతేనంటావా?"

"అంతే. నువ్వు తిను, సల్లారుతది."

తిన్నాను. కానీ నేను బట్టలు సర్దుకుంటుంటే వెనక గుమ్మంలో చీపురు చప్పుడు వినిపించింది. టీచరమ్మ ఆ నల్ల మచ్చ మీద బకెట్టు తర్వాత బకెట్టు నీళ్లు పోసి తోముతోంది. నన్ను చూసి ఆగలేదు.

మళ్లీ మా గొయ్యి దగ్గర

తిరుగుబండిలో ఖాళీ కండువా మడిచి సంచిలో అడుగున పెట్టుకున్నాను. పక్కన ఎవరో లావుపాటి మనిషి కూర్చుని దిగేదాకా గురకపెట్టాడు. అంత హాయిగా ఎప్పుడూ ప్రయాణం చేయలేదు.

నాతో గొయ్యి పని చేసే సత్తెమ్మకు సంగతి చెప్పాను. చిప్పలు పేర్చింది, అంటించింది. పదకొండు రోజులు మూయాలి అనగానే చేతిలో మన్ను కింద పడేసింది.

"నావల్ల కాదు పిన్నీ. ఎవరూ పోకుండా పదకొండు రోజులు మూస్తే ఆ గొయ్యి ఎవరో ఒకర్ని అడుగుద్ది."

"అడిగితే నేనున్నాగా."

"నువ్వుంటావు. నా పిల్లలు కూడా ఈ దారినే బడికెళతారు." వెళ్లిపోయింది.

మన్ను నేనే మెత్తాను. తట్టలేదు. ఆ పదకొండు రోజులూ వాడలో జనం మా మెరక తప్పించి చుట్టుదారిన పోయారు. ఎవరికి దగ్గొచ్చినా నా వైపు చూశారు. అయిదో రోజు సత్తెమ్మ చిన్నపిల్లకు జ్వరం తగిలింది. ఆమె వచ్చి గొయ్యి ముందు నిలబడింది. తెరిచేయమంటే తెరిచేద్దును, అడగలేదు. మర్నాటికి జ్వరం దిగింది. నేను మాత్రం రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చున్నాను. అడిగేదేదైనా ఉంటే నన్నే ముందు అడగాలి కదా.

పదకొండో రోజు మంగళవారం. పొద్దున్నే మన్ను పగలగొట్టి రేకు తీశాను. వేడి లేదు. చిప్పలు చిప్పల్లాగే, నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. ఒకదాంతో ఒకటి తడితే కంచు మోగినట్టు మోగాయి. కాగితం తీసి గడులన్నీ నింపాను. చల్లార్చిన విధం: "పదకొండు రోజులు మూసి ఉంచాను. నీళ్లు పోయలేదు. ఎవరూ పోలేదు." బస్తాకు కట్టి, ఆ పూటే పంపేశాను.

మళ్లీ మంగళవారం ఎస్తేరు ఫోను చేసింది. గొంతు విని తెలిసిపోయింది.

"పట్టింది అమ్మమ్మా! మింగింది చాలా తక్కువ, మిగతాదంతా మళ్లీ ఇస్తున్నది. అచ్చం ఫస్ట్ బస్తా లెక్కనే. పైవాళ్లకు చెప్పిన. పని మూసేది లేదన్నరు."

"చప్పుడు చేస్తోందా?"

"లేదు. ఇది కొత్త గూడు, కొత్త స్విచ్." అంది ఎస్తేరు. "పాతది ఆగిపోయింది అమ్మమ్మా. నువ్వు ఫీల్ అయితవని చెప్పలే."

"ఎప్పుడు?"

"కంప్యూటర్ల ఉన్నది, చూస్తా… మొన్న మంగళవారం. పొద్దున ఏడింటికి." కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. నా కాగితమే అయి ఉంటుంది, అందులో గొయ్యి తెరిచిన తారీకు ఉంది. తర్వాత ఆమె మాట మెల్లగా వచ్చింది. "రేపు దాన్ని విప్పి చూస్తా. లోపల ఏమైందో తెలియాలె గదా."

"రేపు వద్దు తల్లీ," అన్నాను. "అది ఆగి ఇవాళ్టికి ఏడు రోజులు. ఇంకో నాలుగు రోజులు మూసే ఉంచు. ఆ తర్వాత విప్పుకో. నీళ్లు మాత్రం పోయకు."